అద్దెయింటిపై అమ్మకపుపన్ను గలదా?

కాపురమునకై యిల్లు అద్దెకిచ్చిన యజమాని ఆ యద్దెపై అమ్మకపుపన్ను వసూలు చేయవచ్చునా? ఈ ప్రశ్న పల్లెవాసులకు పట్టనిదని కొందఱనుకొనవచ్చును. కాని చదువులకును ఉద్యోగములకును హైదరాబాదునకో, విజయవాడకో, విశాఖపట్టణమునకో పోయిన మన పిల్లలు అద్దెయిండ్లలోనే గదా కాపురముండుట. మన యూళ్లలోనే బడిపంతులునకో, బ్యాంకు గుమాస్తాకో ఒక వాటా అద్దెకిచ్చిన పెద్దలును పెక్కుమంది గలరు. అద్దె 10,000 రూపాయలనుకొందము. నూటికి 18 వంతున పన్నని యజమాని చీటిలో నొక పంక్తి చేర్చినచో నెలకు 1,800, ఏడాదికి 21,600 రూపాయలగును. అనగా రెండునెలల యద్దెకు మించిన సొమ్ము. పిల్లవాడు ఆ చీటిని తండ్రికి పంపును. తండ్రి దానిని జేబులో పెట్టుకొని ఊరి పెద్దలయొద్దకు వచ్చును. ఆ పెద్దలకు ఉపయోగపడునని ఈ విషయముయొక్క పూర్వోత్తరములను నేడు మనవి చేయ దలచితిని.

సమాధానమును ముందుగనే చెప్పివేసెదను. సామాన్యుడు తన కాపురమునకు తీసికొన్న యింటి యద్దెపై నేడును అట్టి పన్ను లేదు. అయితే పూర్వము లేకపోవుటకు కారణము వేఱు, నేడు లేకపోవుటకు కారణము వేఱు. ఆ భేదమును తెలిసికొన్నవారిని ఎవరును మాటలతో మోసగింపజాలరు.

మన ప్రాచీనులు ఈ విషయమున మాటలనే వేఱుచేసి పెట్టిరి. అమ్ముటకు విక్రయమని పేరు. అద్దెకు కౌటిల్యుని యర్థశాస్త్రములో అవక్రయమని పేరు. ధాతువొక్కటియే, ఉపసర్గచేత అర్థము మాఱినది. విక్రయములో వస్తువు చేయి మాఱును, స్వామ్యము మాఱును. అవక్రయములో స్వామ్యము యజమానియందే నిలుచును, అనుభవము మాత్రము కొంతకాలము మఱియొకనిది. మైసూరులో శామశాస్త్రిగారు తాళపత్రములనుండి యెత్తి 1909లో అచ్చొత్తించిన ఆ గ్రంథమున ధర్మస్థీయాధికరణములో అద్దెయింటి తగవులకు ప్రత్యేకముగ సూత్రములున్నవి. వలదన్నను ఇల్లు వదలక కూర్చున్నవానికి 12 పణములు దండన. అద్దె చెల్లించుచున్నవానిని వెడలగొట్టిన యజమానికిని అంతే దండన. దౌర్జన్యము, దొంగతనము మొదలగు దోషములు చేసినవానిని వెడలగొట్టిన దోషము లేదు. తనంతట తాను లేచిపోయినవాడు ఆ యేటి యద్దెలో మిగిలినది చెల్లించి పోవలయును. ఇరువురకును సమానమైన దండన వ్రాసిన ఆ నిష్పక్షపాతము నాకెప్పుడును ఆశ్చర్యముగనే యుండును. నారదస్మృతిలో మఱియొక యందమైన నియమమున్నది. పరుల స్థలమున అద్దె చెల్లించుచు ఇల్లు కట్టుకొన్నవాడు లేచిపోవునపుడు తన గడ్డిని, కఱ్ఱను, ఇటుకలను తీసికొని పోవచ్చును. అద్దె చెల్లింపక కట్టుకొన్నవాడు వానిని స్థలస్వామికి విడిచి పోవలయును. అచ్చట అద్దెకు స్తోమమని పేరు.

ఇక పన్ను మాట. సరకులపై కౌటిల్యుడు శుల్కము విధించెను. పురద్వారమునొద్ద శుల్కాధ్యక్షుడు ధ్వజమెత్తి కూర్చుండును. వెలుపలినుండి వచ్చు సరకునకు వెలలో అయిదవ పాలు, పూవులు, పండ్లు, కూరలు మొదలగువానికి ఆఱవ పాలు. పెండ్లికి, పురిటికి, ఉపనయనమునకు, యజ్ఞమునకు గొనిపోవు వస్తువులకు శుల్కము లేదు. ఇన్ని వ్రాసినవాడు ఇంటి యద్దెను ఈ శుల్కములో చేర్పలేదు. దుర్గమునుండి, అనగా పట్టణమునుండి రాజునకు వచ్చు ఆదాయములను లెక్కించుచోట శుల్కమును మొదటనే చెప్పి, ఇండ్లు స్థలములనుండి వచ్చు వాస్తుకమును చాల పేర్ల తరువాత వేఱుగ చెప్పెను. ఈ రెండు పద్దులు వేఱు వేఱనుట మనస్సున నుంచుకొనుడు. రెండువేల యేండ్ల తరువాత న్యాయస్థానములు వాదించుకొన్నది ఈ భేదమును గూర్చియే.

తెలుగుదేశపు శాసనములలోను ఇదే తీరు. పుల్లరి యనగా పచ్చికపై పన్నని పల్నాటివారు నేటికిని మఱవలేదు. ఇల్లరి యనగా ఇంటిపై పన్ను, మగ్గరి యనగా మగ్గముపై పన్ను. 'అరి' యనగా కప్పము. ఇవి నిలుకడగానున్న వస్తువులపై పన్నులు. సరకుపై పన్నునకు సుంకమని పేరు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవున వేయించిన శాసనములో ఓడవర్తకులనుండి ముప్పదింట నొకపాలు మాత్రమే సుంకము తీసికొందుమని యభయమిచ్చెను. అంతకు పూర్వపు రాజులు ఓడ గాలికి కొట్టుకొని వచ్చినచో సరకంతయు హరించుచుండిరట. దానిని మాన్పించిన రాజు కావున వర్తకులు ఆయన పేరు తలచుకొనిరి.

ఇంతవఱకు ఏ పన్నయినను రాజు విధించునది. యజమాని, అనగా ప్రైవేటు మనుష్యుడు, తన రాబడిపై మఱియొక పేరుతో అదనపు సొమ్ము లాగుట యనెడి రోగము జమీందారీల కాలములో ప్రబలినది. మన పెద్దలలో నజరానాలు, మామూళ్లు, వెట్టి యను మాటలు వినని వారుండరు. శిస్తు వేఱు, ఇవి వేఱు. చిత్రమేమన, కుంఫిణీవారు జమీందారీల నేర్పఱచిన 1802లోనే, పట్టాలను గూర్చిన 30వ రెగ్యులేషనులో, జమీందారు ఏ పేరుతోనైనను ఏ మిషతోనైనను రైతుపై క్రొత్త పన్ను వేయరాదనియు, వేసినట్లు ఋజువైనచో లాగినదానికి మూడింతలు దండుగ యనియు వ్రాసిరి. వ్రాత బాగుగనే యున్నది. కాని జమీందారుపై ఋజువు చేయుటకు రైతు జిల్లాకోర్టువఱకు నడచిపోవలయును గదా! 1908 నాటి మద్రాసు ఎస్టేటుల భూమిచట్టములో ఆ నిషేధమును మరల దృఢముగా వ్రాయవలసివచ్చెననగా నడుమ నూఱేండ్లలో ఏమి జరిగినదో ఊహించుకొనవచ్చును. అయినను సూత్రము స్థిరపడినది: శిస్తు తీసికొనువానికి పన్ను వేయు నధికారము లేదు. ఇంటియజమానికిని ఇదే వర్తించును. అతడు అద్దెను ఒప్పందము ప్రకారము అడుగవచ్చును. పన్నను పేరు పెట్టి యడుగవలెనన్నచో ఆ పేరు వెనుక ఒక శాసనముండవలయును.

ఇంటిపన్ను వేఱొక త్రోవను వచ్చినది. 1865లో పట్టణాభివృద్ధి చట్టము, 1884లో మునిసిపాలిటీల చట్టము, స్థానికసంఘముల చట్టము, 1920లో వాని క్రొత్త రూపములు. ఆ యిల్లు ఏడాదికెంత యద్దె తెచ్చునో అంచనా కట్టి దానిపై పన్ను వేయుట చిరకాలము మునిసిపాలిటీల పద్ధతి. ఇచ్చట నొక భ్రాంతికి తావున్నది. అద్దె కొలతబద్ద మాత్రమే. పన్ను పడునది యింటిపై, అద్దెపై కాదు. యజమానియే కాపురమున్నను, ఇల్లు పాడువడియున్నను ఇంటిపన్ను తప్పదు. దీనిని అద్దెకున్నవాడు భరింపవలయునని ఒప్పందములో వ్రాసికొన్నచో అది ఒప్పందబలముచేత వచ్చినదే కాని, అమ్మకపుపన్ను కాదు.

ఇంటిపన్ను భారము ఎంతవఱకు పోగలదో చీరాల పేరాలవారు లోకమునకు చూపిరి. యూనియనుగా నున్నపుడు సాలుకు నాలుగువేల రూపాయలుండిన పన్ను, మునిసిపాలిటీ చేసినపిదప నలుబదివేలాయెను. నేతగాండ్రు, చిన్న రైతులు. ఎచ్చటనుండి తెత్తురు? 1921 ఏప్రిలులో గాంధీమహాత్ముడు చీరాల వచ్చెను. దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి మాటపై జనులు పన్ను కట్టుటకు బదులు ఇండ్లకు తాళములు వేసి ఊరి వెలుపల రామనగరమని పాకలు వేసికొని పదునొకండు నెలలు కాపురముండిరి. ఎండకు వానకు ఓర్చిరి. ఇల్లున్నవానికి పన్ను, ఇల్లే వదలినవానికి ఏమి పన్ను? తర్కము చక్కనిదే. కడకు నాయకుడు చెఱకు పోగా, చేతిలో నున్న సొమ్ము చెల్లిపోగా, 1922లో జనులు తిరిగి వచ్చిరి. ఈ కథను నేను బడిలో చెప్పినపుడు పిల్లలు గెలిచినదెవరని యడుగుచుండిరి. చరిత్రపుస్తకములు ఆ ప్రశ్నకు సూటిగా సమాధానమీయవు.

ఇక అమ్మకపుపన్ను పుట్టుక. 1935 నాటి ఇండియా ప్రభుత్వచట్టములో రాష్ట్రములు వేయదగిన పన్నుల జాబితా యున్నది. అందు భూములు, భవనములు, పొయ్యిలు, కిటికీలు ఒక పద్దు. వస్తువుల యమ్మకము, ప్రకటనలు మఱియొక పద్దు. పొయ్యిలేమి కిటికీలేమి యని నవ్వకుడు. ఇంగ్లండులో ఒకప్పుడు పొయ్యికింతయని, కిటికీకింతయని నిజముగనే పన్ను వేసిరి. ఆ వాసన మన చట్టములోనికి వచ్చినది. శుల్కము వేఱు, వాస్తుకము వేఱన్న కౌటిల్యుని లెక్కయే ఇంగ్లీషువారి లెక్కలోను తిరిగి కనబడుట విశేషము.

1937లో రాజగోపాలాచారిగారు మద్రాసు ప్రధానమంత్రియైనపిదప ఆ యక్టోబరులో సేలము జిల్లాయందు మద్యనిషేధము పెట్టిరి. మఱుసటి యేట మన చిత్తూరు, కడప జిల్లాలకును అది వ్యాపించెను. కల్లు సారాయముల రాబడి పోయెను. ఆ లోటు పూడ్చుటకై 1939లో సామాన్య విక్రయపు పన్ను చట్టము తెచ్చిరి. సర్వవస్తువులపైనను అట్టి పన్ను మొదట వేసిన రాష్ట్రము మనదే. ఏడాదికి పదివేల రూపాయలలోపు వ్యాపారము చేయు చిన్నకొట్టునకు పన్ను లేదు. పెద్ద వర్తకునకు నూటికి అర్ధరూపాయి. నేడు వినుటకది దానమువలె నున్నది. ఆ చట్టములో వస్తువనగా జంగమము, అనగా కదలునది. ఇల్లు స్థావరము. పైగా అద్దెలో విక్రయమే లేదు. కావున రెండు విధముల ఇంటి యద్దె ఆ పన్ను పరిధికి వెలుపల నున్నది. 1939 మొదలు ఎవడైనను యజమాని అద్దెపై అమ్మకపుపన్ననినచో అది శుద్ధ అబద్ధము.

అయినను ప్రభుత్వములు ఇంటివైపు చేయి చాపకపోలేదు. మద్రాసు ప్రభుత్వము 1947లో చట్టమును సవరించి, భవనము కట్టియిచ్చు గుత్తదారు వాడిన ఇటుక, ఇనుము, సిమెంటులను అమ్మిన వస్తువులుగ లెక్కింప జూచెను. గానన్ డంకర్లీ కంపెనీవారు పోరాడిరి. 1958లో సర్వోన్నత న్యాయస్థానము, ఇల్లు కట్టించు ఒప్పందము అఖండమైన యొక్క ఒప్పందమనియు, అందు ఇటుకల విక్రయమును విడదీసి పన్ను వేయ రాష్ట్రమునకు శక్తి లేదనియు తీర్పు చెప్పెను. కట్టుటయందే విక్రయము లేనపుడు కట్టిన యింటిలో నుండుటయందు విక్రయమెక్కడిది? తరువాత 1982లో రాజ్యాంగమును 46వ మాఱు సవరించి గుత్తపనులలోని సామగ్రిని, వస్తువులను వాడుకొను హక్కునిచ్చుటను గూడ విక్రయముగ భావింపవచ్చుననిరి. దానితో పెండ్లికి వంటపాత్రలు, కుర్చీలు అద్దెకిచ్చు దుకాణములు పన్ను పరిధిలోనికి రాదగినవయ్యెను. అప్పుడును అది కదలు వస్తువులకే. గంగాళపు అద్దెపై పన్ను రావచ్చును. గంగాళముంచిన వంటింటి యద్దెపై రాదు.

మార్పు మఱియొక ద్వారమున వచ్చినది. 1994లో కేంద్రప్రభుత్వము సేవలపై పన్ను మొదలుపెట్టెను. తొలుత టెలిఫోను, బీమా, షేర్ల దలాలీ మాత్రమే. 2007 జూను 1 నుండి వ్యాపారమునకు భవనము అద్దెకిచ్చుటయు సేవయే యనిరి. అద్దెకిచ్చుట సేవ యెట్లగునని వాదము చెలరేగెను. ఢిల్లీ ఉన్నత న్యాయస్థానము 2009లో కాదనెను, పార్లమెంటు 2010లో వెనుకటి తేదీనుండి అమలగునట్లు చట్టమును సవరించెను, 2011లో అదే న్యాయస్థానపు విస్తృత ధర్మాసనము ఔననెను. ఈ కాలమంతయు కాపురపు టింటిని మాత్రము ఎవరును తాకలేదు.

2017 జూలై 1న జీయస్టీ వచ్చి అమ్మకపుపన్నును, సేవాపన్నును రెంటిని తనలో కలిపికొనెను. పల్లెలలో పాతపేరే నిలిచినది; పన్ను ఏదైనను మనవారు అమ్మకపుపన్నే యందురు. కాని ఇక్కడ జాగ్రత్తగ వినవలయును. క్రొత్త చట్టములో భవనమును అద్దెకిచ్చుట స్పష్టముగ సేవయని వ్రాసిరి. కాబట్టి అద్దెలో విక్రయము లేదన్న మన పాత వాదము ఇక చాలదు. కాపురమునకై యిచ్చిన నివాసగృహమునకు పన్ను మినహాయింపు కలదని ప్రత్యేకముగ ఒక ప్రకటన చేసిరి. నేడు మనలను కాచుచున్నది ఆ ప్రకటనయే. పూర్వము ఇంటి యద్దె స్వభావముచేత పన్నునకు వెలుపలిది. నేడది పన్నులోపలనుండి ప్రకటనచేత విడువబడినది. నా దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు. ప్రకటన నిచ్చిన చేయి దానిని సవరింపనుగలదు.

సవరించినది గూడ. 2022 జూలై 18 నుండి, అద్దెకు తీసికొనువాడు జీయస్టీలో నమోదైనవాడయినచో మినహాయింపు లేదనిరి. అప్పుడు నూటికి 18 వంతు పన్ను కలదు. కాని దానిని కట్టవలసినది అద్దెకు తీసికొన్నవాడే, తిన్నగ ప్రభుత్వమునకు. యజమాని చేతికి ఈయనక్కఱలేదు. ఒక కంపెనీ తన యుద్యోగికై ఇల్లు తీసికొనుట దీనికి ఉదాహరణము. ఈ వార్త వెలువడినపుడు అద్దెలన్నిటిపైన పన్ను వచ్చినదని పుకారు పుట్టెను. బహుశః నేటి చీటీలలో చాలవానికి మూలమా పుకారే. నమోదైన చిన్నవర్తకుడు తన భార్యాబిడ్డలతో నుండుటకు సొంత ఖాతాలో తీసికొన్న యింటి మాటేమి యని సందేహము రాగా, 2023 జనవరి 1 నుండి దానికిని పన్ను లేదని తేల్చిరి. వసతిగృహములలో నుండు విద్యార్థుల విషయమున 2024లో ఇంకొక సౌకర్యము చేసిరి: నెలకు మనిషికి 20,000 రూపాయలలోపు వసతి యయి, ఎడతెగక 90 దినములకు తక్కువ గాకుండ నున్నచో పన్ను లేదు.

క్రింద దుకాణము, మీద కాపురముగ నిచ్చిన మేడలలో చిక్కున్నది. దుకాణపు అద్దెకు మినహాయింపు లేదు. యజమాని నమోదైనవాడైనచో ఆ భాగమునకు పన్ను వేయును. రెంటికిని ఒకే కాగితము వ్రాసికొనక వేఱు వేఱుగ వ్రాసికొనుట మేలు. అపార్టుమెంట్ల నిర్వహణరుసుము మాటయు వేఱు. అది నెలకు 7,500 రూపాయలు దాటినచోట సంఘమువారు పన్ను వేయవలసిరావచ్చును. దానిని అద్దెపై పన్నుగ భ్రమింపకుడు.

మఱి లేని పన్నును యజమాని తీసికొన్నచో ఆ సొమ్మెవరిది? దీనిపై మన హైదరాబాదునుండియే ఒక వ్యాజ్యము సర్వోన్నత న్యాయస్థానమునకు పోయినది. మద్యము అమ్ము ఒక సంస్థ కొనుగోలుదారులనుండి అమ్మకపుపన్నని సొమ్ము తీసికొని ప్రభుత్వమునకు కట్టలేదు. పన్నని తీసికొంటివి గనుక మాకిమ్మని ప్రభుత్వమనెను. 1964లో న్యాయస్థానము, చట్టప్రకారము పన్ను కానిదానిని రాబట్టుటకు శాసనము చేయు నధికారము రాష్ట్రమునకు లేదని తీర్పు చెప్పెను. సొమ్ము వర్తకునియొద్దనే నిలిచినది! జనులనుండి తీసికొన్నవాడు తినెను, ఇచ్చినవాడు నష్టపడెను. 1977లో గుజరాతునుండి వచ్చిన మఱియొక వ్యాజ్యములో, అట్లు తీసికొన్నదానిని దండనరూపమున ప్రభుత్వము జప్తు చేయవచ్చునని ఆ న్యాయస్థానమే చెప్పెను. నేటి జీయస్టీ చట్టములో రెండు కట్లు గట్టిరి: నమోదు లేనివాడు పన్నను పేరుతో ఏమియు తీసికొనరాదు, పన్నని తీసికొన్నవాడు, అది చెల్లునను, చెల్లకున్నను, ప్రభుత్వమునకు కట్టియే తీఱవలయును. 1802 నాటి రెగ్యులేషనులో లాగినదానికి మూడింతలు దండుగ వేసిరని చెప్పితిని గదా. ఆ వంశములోనివే ఇవి.

సముద్రములు దాటిన మనవారికిని ఈ బాధ తప్పలేదు. అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున ఫీనిక్సు మొదలగు నగరములు కాపురపు అద్దెపై నిజముగనే పన్ను వేయుచుండెను. యజమాని దానిని అద్దెకున్నవానినుండి రాబట్టుకొనుచుండెను. 2023లో శాసనము చేసి 2025 జనవరి 1 నుండి దానిని తీసివేసిరి. అక్కడనున్న పిల్లలకు ఉత్తరము వ్రాయునపుడు, ఆ తేదీ తరువాతి చీటీలలో పన్ను పంక్తి మిగిలియున్నదేమో చూచుకొమ్మని వ్రాయుడు.

ఇక్కడి చీటీని పరీక్షించుటకు చదువు చాల నక్కఱలేదు. పన్ను వేసిన యజమానిని జీయస్టీ సంఖ్య యడుగుడు. అది పదునైదు అక్షరములది. మొదటి రెండంకెలు ఆంధ్రప్రదేశమునకు 37, తెలంగాణమునకు 36. సంఖ్య లేనిచో పన్ను పంక్తికి ఆధారమే లేదు. సంఖ్య యున్నచో రెండవ ప్రశ్న: ఇల్లు దేనికిచ్చితిరి? ఒప్పందపు కాగితములో కాపురమునకని వ్రాసియుండి, అద్దెకున్నవాడు నమోదు లేని గృహస్థుడైనచో, అద్దె మాత్రము చెల్లించి, చెల్లించినట్లు రశీదు తీసికొనవలయును. అంతకుముందు కట్టిన పన్ను మొత్తమును తదుపరి అద్దెలో తగ్గింపుమని వ్రాతమూలముగా అడుగవచ్చును.